మూడేళ్ల పాపని ఇటాలియన్ ఇమ్మర్షన్ స్కూల్లో వెయ్యాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

బే ఏరియా తెలుగు తల్లిదండ్రులు » బడులు, చదువులు

శ్రావణమేఘం (శాన్ మాటేయో)

అందరికీ నమస్తే. మా పాపకి మూడు నిండాయి, వచ్చే సెప్టెంబరులో ప్రీస్కూల్‌కి పంపాలి. మా ఆయన ఆఫీసు శాన్ ఫ్రాన్సిస్కోలో. ఆ దారిలోనే ఒక ప్రైవేటు ఇంటర్నేషనల్ స్కూల్ ఉంది. ప్రీస్కూల్ నుంచి ఎనిమిదో తరగతి దాకా ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియట్) పద్ధతి. చిన్న తరగతుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంతా ఇటాలియన్‌లోనే. ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ కలుపుతూ పోతారు, పై తరగతులకి వచ్చేసరికి రెండూ సమానం అవుతాయట.

పోయిన వారం టూర్‌కి వెళ్లాం. కోటు జిప్పు పడక ఒక బాబు ఏడుస్తూ టీచర్ దగ్గరికొచ్చి ఇంగ్లిష్‌లో గోల పెడుతున్నాడు. ఆవిడ నేల మీద కూర్చుని, జిప్పు కింది కొస తను పట్టుకుని, "తీరా సూ, తీరా సూ" అంటూ వాడి చేతే పైకి లాగించింది. ఒక్క ఇంగ్లిష్ ముక్క దొర్లలేదు. వాడికి అంతా అర్థమైంది, పని కూడా అయింది. నాకు అక్కడే మనసు పడిపోయింది.

మా ఆయన మాత్రం "ఇటాలియన్ నేర్చుకుని ఏం చేస్తుంది, పిజ్జా ఆర్డర్ ఇస్తుందా?" అంటున్నారు. మా అత్తగారు ఇక్కడే ఉన్నారు. ఆవిడ భయం వేరే. ఇప్పుడు మనవరాలు తెలుగులో గలగలా మాట్లాడుతోంది, ఆ బడికి వెళ్తే తనతో మాట్లాడే భాషే ఉండదేమో అని. ఫీజు పై తరగతుల్లో ఏడాదికి 40 వేల డాలర్లు దాటుతుంది. మధ్యలో మానిపించాల్సి వస్తే ఏమవుతుందో కూడా తెలియదు. కాస్త చెప్పండి.

ఫ్రీమాంట్ బావ (ఫ్రీమాంట్)

ప్రీస్కూల్ రెండేళ్లు, కిండర్, ఆపైన ఎనిమిది. మొత్తం పదకొండేళ్లు. ఫీజు పైసా పెరగదనుకున్నా దాదాపు నాలుగున్నర లక్షల డాలర్లు. దాన్ని ఇండెక్స్ ఫండ్‌లో పడేస్తే మీ పాప ఇటలీలో ఇల్లే కొనుక్కోవచ్చు, భాష పక్కింటివాళ్లు నేర్పిస్తారు.

నిర్వాహకులు

చర్చ కొనసాగించండి. ఒక్క మనవి: స్కూలు పేరు, టీచర్ల పేర్లు రాయొద్దు. మంచైనా చెడైనా పేరు లేకుండానే చెప్పుకుందాం. పోయినసారి ఒక డేకేర్ గురించి జరిగిన రచ్చ అందరికీ గుర్తుండే ఉంటుంది.

స్పీచ్ అమ్మ (శాక్రమెంటో)

నేను పిల్లలకి స్పీచ్ థెరపీ చేస్తాను. మూడు భాషలతో పిల్ల బుర్ర గందరగోళం అవుతుందన్న భయం ముందు పక్కన పెట్టండి. రెండు మూడు భాషల మధ్య పెరిగే పిల్లలకి ఒక్కో భాషలో విడిగా లెక్కేస్తే మాటలు తక్కువ కనిపించొచ్చు, అన్నీ కలిపి లెక్కేస్తే సరిపోతాయి. మాట్లాడటంలో నిజంగా ఇబ్బంది ఉన్న పిల్లకి ఏ భాషలోనైనా ఆ ఇబ్బంది కనిపిస్తుంది. ఒక భాష మానిపించినంత మాత్రాన అది పోదు.

ఈ ఇమ్మర్షన్ పద్ధతి కొత్తదేమీ కాదు. 1965లో కెనడాలో, మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్లో ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి తమ పిల్లలకి కిండర్ నుంచి చదువంతా ఫ్రెంచ్‌లో చెప్పించారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. మొదట్లో ఇంగ్లిష్ చదవడంలో వెనకబడ్డారు, ఇంగ్లిష్ పాఠాలు మొదలయ్యాక కొన్నేళ్లలో తోటివాళ్లని అందుకున్నారు. వినడం, చదవడం ఫ్రెంచ్ పిల్లలకి దగ్గరగా వచ్చాయి. మాట్లాడటంలో మాత్రం ఆ స్థాయి రాలేదు, వ్యాకరణం తప్పులు పెద్దయ్యాక కూడా మిగిలాయి. బళ్లో టీచర్ తప్ప ఇంకెవరూ ఆ భాష మాట్లాడకపోతే అంతేగా మరి.

మీ అత్తగారి భయం ఉత్తది కాదు. కాకపోతే ఆవిడ అనుమానించాల్సింది ఇటాలియన్‌ని కాదు. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్లల దగ్గర తెలుగుని మింగేసేది ఇంగ్లిషే. మామూలు ఇంగ్లిష్ ప్రీస్కూల్‌కి పంపినా ఆర్నెల్లలో పాప ఇంట్లో ఇంగ్లిష్ మొదలుపెడుతుంది. ఇటాలియన్ బడికి పంపితే ఇంట్లో ఎవరికీ ఇటాలియన్ రాదు కాబట్టి తెలుగే మాట్లాడక తప్పదు. నా దగ్గరికొచ్చే కుటుంబాల్లో ఇలా జరగడం చూశాను. ఎటొచ్చీ అమ్మానాన్నలు తమలో తాము ఇంగ్లిష్ మాట్లాడుకుంటూ పిల్లతో మాత్రం తెలుగు మాట్లాడితే లాభం లేదు. పిల్లలు పసిగట్టేస్తారు.

పెనిన్సులా నాన్న (రెడ్‌వుడ్ సిటీ)

మా అబ్బాయి ఇలాంటి బళ్లోనే ఇప్పుడు ఐదో తరగతి. ప్రీస్కూల్ నుంచీ అక్కడే. మీరు వెళ్లిన స్కూలేనా కాదా అన్నది వదిలేద్దాం. నాకు తెలిసింది చెప్తాను.

మొదటి కొన్ని నెలలు వాడు ఇటాలియన్‌లో నోరు విప్పలేదు. "ఏం నేర్పిస్తున్నారు వీళ్లు?" అని మా ఆవిడ రోజూ నా ప్రాణం తీసేది. క్రిస్మస్ సెలవుల్లో ఒకరోజు వాడు బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి టీచర్‌లా వేలు చూపిస్తూ, "సెదూతీ! సెదూతీ!" అని గదమాయిస్తున్నాడు. కూర్చోండి అని. టీచర్ గొంతులో ఆ రాగంతో సహా. అప్పటిదాకా లోపల పోగేసుకున్నాడన్నమాట. స్పీచ్ అమ్మ గారు చెప్తారు, దీన్ని మౌన దశ అంటారట.

చదవడం ముందు ఇటాలియన్‌లోనే వచ్చింది, అదీ తొందరగా. ఆ భాషలో అక్షరానికీ శబ్దానికీ లెక్క దాదాపు ఒకటే, మనకి లాగా. సీ హెచ్ వస్తే "క", జీ ఎన్ వస్తే "ఞ" లాంటి శబ్దం, ఇలాంటివి కొన్ని పట్టుకుంటే ఏ పదమైనా చదివేస్తారు. అసలు గండం రెండో తరగతిలో. పక్కింటి పిల్ల లావుపాటి ఇంగ్లిష్ కథల పుస్తకాలు చదువుతుంటే మావాడు 'నైట్' స్పెల్లింగ్ దగ్గర తన్నుకుంటున్నాడు. పిచ్చ టెన్షన్ పడ్డాం. టీచర్ని అడిగితే ఇంట్లో రోజూ ఇంగ్లిష్ పుస్తకం చదివి వినిపించండి చాలు, ట్యూషన్ వద్దు అన్నారు. నాలుగో తరగతికి సర్దుకుంది.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. రీసెస్‌లో పిల్లలంతా ఇంగ్లిషే. క్లాసులో టీచర్‌తో ఇటాలియన్, పక్కనున్నవాడితో ఇంగ్లిష్. ఏ ఇమ్మర్షన్ బళ్లోనైనా ఇదే కథ అంటారు. ఇంట్లో ఇటాలియన్ మాట్లాడే పిల్లలు క్లాసులో మూడో వంతైనా ఉంటే తేడా తెలుస్తుంది. టూర్‌లో ఆ ప్రశ్న తప్పకుండా అడగండి.

తాడిపత్రి టెకీ (శాన్ హోసే)

ఇమ్మర్షన్ కావాలంటే పైసా ఖర్చు లేకుండా పబ్లిక్ స్కూళ్లలోనే ఉంది కదండీ. 1998లో కాలిఫోర్నియావాళ్లు ఓటేసి బైలింగ్వల్ చదువుని దాదాపు కట్టడి చేశారు, 2016లో మళ్లీ ఓటేసి ఆ కట్లు విప్పేశారు. ఇప్పుడు స్పానిష్, మాండరిన్ ప్రోగ్రాములు బే ఏరియాలో బాగానే ఉన్నాయి. లాటరీ తగలాలి, అంతే. స్పానిష్ అయితే ఈ రాష్ట్రంలో రోడ్డు మీదకి వెళ్తే చాలు, పనికొస్తుంది. ఇటాలియన్ ఎవడితో మాట్లాడుతుంది? ఇటలీ, స్విట్జర్లాండ్‌లో ఒక మూల, శాన్ మరీనో, వాటికన్. అయిపోయింది.

కృష్ణలంక కుర్రాడు (లాస్ ఏంజెలెస్)

మా వైపు గ్లెండేల్‌లో పబ్లిక్ స్కూల్లోనే ఇటాలియన్ ఇమ్మర్షన్ ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఎలిమెంటరీ. ఒకే బళ్లో ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ ట్రాకులు. ఫీజు లేదు. ఫ్రీమాంట్ బావ గారు చెప్పిన నాలుగున్నర లక్షల్లో కొంత పెట్టి ఇల్లు మారండి :)

పలకాబలపం (ఓక్లాండ్)

భాష ఒక్కటే పట్టుకుని మాట్లాడుతున్నారు. ఇటాలియన్ ప్రీస్కూల్ అంటే సగం ఆకర్షణ బోధన పద్ధతిది. శ్రావణమేఘం గారూ, మీరు చూసిన బళ్లో గోడల నిండా పిల్లల బొమ్మలు, పక్కన వాళ్లన్న మాటలు, ఫోటోలు అతికించి ఉన్నాయా? కింద నుంచి వెలుతురు వచ్చే బల్ల, డబ్బాల్లో ఆకులు, తీగలు, గవ్వలు?

శ్రావణమేఘం (శాన్ మాటేయో)

అవునండీ! ఒక గది మొత్తం అదే. 'అతెలియే' అన్నారు. నేను మాంటిస్సోరి అనుకున్నాను.

పలకాబలపం (ఓక్లాండ్)

చాలామంది అలాగే అనుకుంటారు, రెండూ ఇటలీవే కాబట్టి. మీరు చూసింది రెజ్జో ఎమీలియా పద్ధతి. నేను అలాంటి ప్రీస్కూల్లో అసిస్టెంట్‌గా చేశాను కాబట్టి కాస్త విసిగిస్తాను, ఓపిక పట్టండి.

మాంటిస్సోరి గారు 1907లో రోమ్‌లో, శాన్ లోరెంజో అనే పేదల పేటలో మొదటి బడి పెట్టారు. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయారు, మన టీచర్లకి శిక్షణ ఇచ్చారు. ఇవాళ మన ఊళ్లలో వీధికో బోర్డు మీద ఆవిడ పేరు ఉండటానికి అదొక కారణం. లోపల ఆ పద్ధతి ఉంటుందా అంటే, అది వేరే చర్చ. ఆ పద్ధతిలో ప్రతి వస్తువుకీ ఒక పని, ఒక వరస ఉంటాయి. పిల్ల ఒక్కతే కూర్చుని తన పని తను చేసుకుంటుంది.

రెజ్జో వాళ్లది వేరే దారి. 1945లో యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, ఉత్తర ఇటలీలో రెజ్జో ఎమీలియా ఊరి పక్కన విల్లా చెల్లా అనే పల్లెలో జనం, జర్మన్లు వదిలేసి పోయిన ఒక ట్యాంకు, కొన్ని లారీలు, గుర్రాలు అమ్మి ఆ డబ్బుతో పిల్లలకి బడి కట్టుకున్నారు. ఇటుకలు కూలిపోయిన ఇళ్లలోంచి తెచ్చుకున్నారు. లోరిస్ మలగుజ్జి అనే యువ టీచర్ ఈ సంగతి విని సైకిల్ మీద చూడ్డానికి వెళ్లి, జీవితమంతా ఆ పనిలోనే ఉండిపోయాడు. 1963లో ఆ ఊరి మునిసిపాలిటీయే తన ప్రీస్కూల్ తెరిచింది. 1991లో న్యూస్‌వీక్ పత్రిక అక్కడి డయానా ప్రీస్కూల్‌ని ప్రపంచంలోని గొప్ప బళ్లలో ఒకటిగా రాశాక అమెరికా అంతా దాని వెంట పడింది.

అక్కడ ముందే అచ్చేసిన సిలబస్ ఉండదు. పిల్లలు వానపాము గురించి అడిగితే నెల రోజులు వానపామే. బొమ్మ గీస్తారు, మట్టితో చేస్తారు, నీడ చూస్తారు, గుంపుగా వాదించుకుంటారు. టీచర్లు ఆ మాటలన్నీ రాసి గోడకి పెడతారు. భాషకి ఇది బాగా పనికొస్తుంది. వర్క్‌షీట్ నింపే పిల్లకి మాటలు అక్కర్లేదు, వానపాముకి కళ్లున్నాయా లేవా అని కొట్టుకునే పిల్లకి కావాలి.

ఒకప్పుడు మునిసిపాలిటీ తన ఊరి పిల్లలందరి కోసం నడిపిన బడి, ఇక్కడికొచ్చేసరికి 40 వేల డాలర్ల సరుకు అయిపోయింది. అదొక్కటే నాకు మింగుడుపడదు.

ఫ్రీమాంట్ బావ (ఫ్రీమాంట్)

వానపాముకి కళ్లుంటాయా?

పలకాబలపం (ఓక్లాండ్)

ఉండవు. చర్మంతోనే వెలుతురు తెలుసుకుంటుంది. నెల రోజుల ప్రాజెక్టు ఒక్క లైనులో చెప్పేశాను, మీ వల్ల.

మిలానో మామయ్య (మిలాన్, ఇటలీ)

మీ చర్చ చూస్తుంటే నవ్వొస్తోంది, బాధపడకండి. ఇక్కడ డబ్బున్న ఇటాలియన్లు పిల్లల్ని ఇంగ్లిష్ మీడియం ఇంటర్నేషనల్ స్కూళ్లకి పంపడానికి ఎగబడుతున్నారు. మన ఊళ్లలో జరిగేదే ఇక్కడా జరుగుతోంది. మా ఇద్దరు పిల్లలూ మామూలు ప్రభుత్వ బడికే వెళ్తారు. మూడు నుంచి ఆరేళ్ల దాకా స్కూవొలా దెల్లిన్‌ఫాన్సియా, తర్వాత ఐదేళ్లు ప్రిమారియా, ఆపైన మూడేళ్లు, ఆపైన ఐదేళ్లు. ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనానికి మాత్రం ఇంటి ఆదాయాన్ని బట్టి కట్టాలి.

మొదట్లో కొన్ని రోజులు అమ్మో నాన్నో బళ్లోనే కూర్చోవాలి. మొదటి రోజు గంట, తర్వాత రెండు గంటలు, ఇలా పిల్ల అలవాటయ్యేదాకా. ఇన్‌సెరిమెంతో అంటారు. మా మేనేజర్‌కి సెలవు అడిగితే ఏమాత్రం ఆశ్చర్యపోలేదు, ఇక్కడ అందరికీ తెలిసిన తంతే. మీ బడివాళ్లు ఇలా చేస్తారా అని అడగండి. ఒక్క ముక్క భాష రాని పిల్లకి ఇది ప్రాణం.

ఇంకో మాట. ప్రీస్కూల్లో అంత స్వేచ్ఛ, బొమ్మలు, మట్టి. ప్రిమారియాకి వచ్చాక ఇక్కడి బళ్లు మన పాతకాలపు బళ్లే. గళ్ల నోటుబుక్కు, ఒకటో తరగతిలోనే కలిపిరాత, పద్యాలు బట్టీ, క్లాసులో లేపి పాఠం అప్పజెప్పించడం. మా నాన్నగారు వచ్చినప్పుడు మనవడి నోటుబుక్కు చూసి "వీళ్లకి చదువు తెలుసురా" అన్నారు. కాబట్టి "ఇటాలియన్ పద్ధతి" అని ఒకటే లేదు. మీ బడి పై తరగతుల్లో ఏది పాటిస్తుందో చూసుకోండి, ఐబీ అంటున్నారు కాబట్టి బహుశా అప్పజెప్పించరు.

పనికొస్తుందా అంటే, ఇక్కడ బతకాలంటే ఇటాలియన్ తప్పనిసరి. కాలిఫోర్నియాలో బతకడానికి అక్కర్లేదు. ఆ తేడా మర్చిపోవద్దు.

చిన్నతల్లి (మిల్‌పిటాస్)

అసలు సంగతి ఎవరూ అడగలేదు. భోజనం! మేం శాకాహారులం. ఇటాలియన్ బళ్లో లంచ్ వాళ్లే పెడతారంటే ఏం పెడతారు?

పెనిన్సులా నాన్న (రెడ్‌వుడ్ సిటీ)

పాస్తా, సూప్, కూరలు, ఫోకాచియా రొట్టె. వెజిటేరియన్ అని ఫారంలో రాస్తే రాగూ (మాంసం సాస్) బదులు టమాటా సాస్ ఇస్తారు. పిల్లలే బల్ల సర్దుతారు, పింగాణీ ప్లేట్లలో తింటారు. మావాడు ఇంట్లో పప్పన్నం కూడా ఫోర్కుతో తింటానని కూర్చున్నాడు కొన్నాళ్లు.

మిలానో మామయ్య (మిలాన్, ఇటలీ)

చిన్నతల్లి గారూ, మాంసం ఒక్కటే చూస్తే చాలదు. పైన చల్లే చీజ్ సంగతి కూడా అడగండి. అసలైన పార్మిజానో రెజ్జానోకి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడాలి, అది ఆ చీజ్‌కి చట్టంలో రాసిపెట్టిన నియమం. గ్రానా పదానో కూడా అంతే. పెకోరీనో రొమానో అయితే గొర్రెపిల్లది. పెస్తోలో ఆకులు తప్ప ఏముందిలే అనుకుంటాం, అందులోనూ ఈ చీజే. అమెరికాలో తయారైన పార్మెజాన్‌లో కొన్నిటికి వెజిటేరియన్ రెన్నెట్ వాడతారు, డబ్బా మీద రాసి ఉంటుంది. మా ఇంట్లో అమ్మ వచ్చినప్పుడు అదొక పెద్ద గొడవ.

చిన్నతల్లి (మిల్‌పిటాస్)

అయ్యో రామా. ఇన్నాళ్లూ రెస్టారెంట్లో...

తాడిపత్రి టెకీ (శాన్ హోసే)

చదివినవాళ్లంతా చదవనట్టు ఉండండి, అమ్మలకి చెప్పకండి.

మాజీ పేరెంట్ (డబ్లిన్)

నేను వేరే వైపు నుంచి రాస్తాను. మా అమ్మాయిని ఇటాలియన్ ఇమ్మర్షన్ బళ్లో వేసి రెండో తరగతి మధ్యలో తీసేశాం. ఏ బడి అన్నది చెప్పను, ఊరు కూడా చెప్పను.

కారణం భాష కాదు, టీచర్లు. ఇటలీ నుంచి వచ్చే టీచర్లలో చాలామంది జే-1 వీసా మీద వస్తారు. అది మూడేళ్లు, పొడిగిస్తే ఇంకో ఏడాదో రెండేళ్లో, ఆ తర్వాత వెనక్కి వెళ్లిపోవాలి. వీసా తిప్పలు మనకి కొత్తగా చెప్పాలా? ఒకే విద్యా సంవత్సరంలో మా పాప క్లాసుకి ఇద్దరు టీచర్లు మారారు, మధ్యలో ఒక సబ్‌స్టిట్యూట్ టీచర్‌కి ఇటాలియన్ అంతంత మాత్రం. ఇమ్మర్షన్ అంటే భాష వచ్చేది ఆ ఒక్క మనిషి నోటి నుంచే. ఆ మనిషి వెళ్లిపోతే బిందె బోర్లించినట్టే. మేనేజ్‌మెంట్‌ని అడిగితే ఈమెయిల్లో తియ్యటి మాటలు రాశారు, ఫీజు వాయిదా మాత్రం టైముకి పట్టుకున్నారు.

పబ్లిక్ స్కూల్లో వేశాం. ఇంగ్లిష్ కొన్ని నెలల్లో దారిలో పడింది. ఇటాలియన్ అంతకన్నా తొందరగా పోయింది. ఇప్పుడు పాటలు వస్తాయి, అంకెలు వస్తాయి. చదవడం గట్టిపడకముందే తీసేస్తే ఇంతే.

కాబట్టి శ్రావణమేఘం గారూ, రెండేళ్లు చూద్దాం అనుకుని వేస్తే దాన్ని మంచి ప్రీస్కూల్ ఖర్చుగా రాసుకోండి, భాష ఖర్చుగా కాదు. భాష కావాలంటే కనీసం ఐదో తరగతి దాకా ఉండగలం అన్న ధైర్యం ఉండాలి. టూర్‌లో ఈ ప్రశ్నలు అడగండి: టీచర్లు సగటున ఎన్నేళ్లు ఉంటున్నారు, ఎంతమందికి గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉంది, కిండర్‌లో ఎంతమంది పిల్లలున్నారు, ఐదులో ఎంతమంది మిగిలారు. చివరి ప్రశ్నకి వాళ్ల మొహం చూడండి, జవాబు తెలిసిపోతుంది.

స్పీచ్ అమ్మ (శాక్రమెంటో)

చివరి ప్రశ్నకి నా ఓటు. పై తరగతుల్లో పిల్లలు మానేస్తే కొత్తవాళ్లని చేర్చుకోవడం కష్టం. భాష రాని పిల్లని నాలుగో తరగతిలో కూర్చోబెట్టలేరు. అందుకే చాలా ఇమ్మర్షన్ బళ్లలో కింది తరగతులు కిటకిటలాడుతూ, పై తరగతులు పల్చగా ఉంటాయి. పదిమంది క్లాసు చదువుకి బాగుండొచ్చు, స్నేహాలకి ఇరుకు.

అంకెల ఆంజనేయులు (సన్నీవేల్)

డబ్బు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను చెప్తా. ప్రీస్కూల్ ఫీజుకి డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ (పిల్లల సంరక్షణ ఖర్చుకి పన్ను పడకుండా జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా) వాడుకోవచ్చు. 2025 దాకా కుటుంబానికి 5,000 డాలర్లు, 2026 నుంచి 7,500. కిండర్ మొదలయ్యాక స్కూలు ఫీజుకి చెల్లదు, బడి అయ్యాక ఉంచుకునే ఆఫ్టర్‌కేర్‌కి చెల్లుతుంది. కిండర్ నుంచి 529 ఖాతా (చదువు కోసం దాచుకునే పన్ను మినహాయింపు పొదుపు) లోంచి ఏడాదికి 10 వేలు ఫీజుకి తీయొచ్చని 2018 నుంచి ఫెడరల్ చట్టం, 2026 నుంచి 20 వేలు. ఇక్కడే మెలిక: కాలిఫోర్నియా దీన్ని ఒప్పుకోదు. వచ్చిన లాభం మీద రాష్ట్రానికి పన్ను, దాని మీద ఇంకో రెండున్నర శాతం జరిమానా. మనవాళ్లు చాలామంది ఫెడరల్ ఒక్కటే చూసుకుని తీసేస్తారు.

ఇంకోటి, మనవాళ్లు సిగ్గుపడి ఫైనాన్షియల్ ఎయిడ్‌కి అప్లై చెయ్యరు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నా, ఇంటి అప్పు, ఇద్దరు పిల్లలు ఉంటే కొంత తగ్గించే బళ్లున్నాయి. అయితే అడ్మిషన్‌తో పాటే ఆ ఫారం కూడా పంపాలి. శాన్ ఫ్రాన్సిస్కో ప్రైవేటు బళ్లకి సాధారణంగా జనవరిలో గడువు, మార్చిలో జవాబులు. సీటొచ్చాక అడిగితే డబ్బులు అయిపోయాయంటారు.

ఫ్రీమాంట్ బావ (ఫ్రీమాంట్)

ఆంజనేయులు గారికి దండాలు. ఇంత లెక్క చెప్పాక కూడా నా మాట అదే. నాలుగేళ్లు వచ్చేసరికి పబ్లిక్ స్కూల్లో టీకే (ట్రాన్సిషనల్ కిండర్, కిండర్‌కి ముందు ఏడాది) ఉచితం, ఇప్పుడు రాష్ట్రమంతా నాలుగేళ్లు నిండిన ప్రతి పిల్లకీ ఉంది. ఆ డబ్బుతో ప్రతి వేసవి ఒక నెల ఇటలీలో ఉండి రండి.

గోదారి గట్టు (శాన్ రామోన్)

అసలు మన పిల్లలకి ఇటాలియన్ తేలిగ్గా వస్తుందండీ. తెలుగుని ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్ అని ఊరికే అన్నారా?

మిలానో మామయ్య (మిలాన్, ఇటలీ)

ఆ మాట మనం చెప్పుకోవడమే. నేను ఇక్కడ ఎంతోమందికి చెప్పాను, ఒక్కడూ వినలేదు, "తెలుగు అంటే ఏ దేశం?" అని అడిగారు. అయినా ఉచ్చారణ విషయంలో మీరన్నది నిజమే. వత్తులు మనకి పుట్టుకతో వచ్చినవి. 'పాలా' అంటే పార, 'పాల్లా' అంటే బంతి. అమెరికన్ పిల్లలు ఈ రెండూ ఒకేలా పలికి ఇబ్బంది పడతారు, మనవాళ్లు పడరు. ట, త తేడా కూడా సమస్య కాదు, ఇటాలియన్‌లో ఉన్నది మన 'త'నే. దెబ్బతినేది లింగాల దగ్గర. బల్లకీ కుర్చీకీ ఆడా మగా ఏంటని మా పెద్దది ఇప్పటికీ గొణుగుతుంది.

పాత రాజేంద్రనగర్ (శాంతా క్లారా)

ఎనిమిది అయ్యాక ఏంటి? హైస్కూల్లో ఇటాలియన్ ఎక్కడుంది?

పెనిన్సులా నాన్న (రెడ్‌వుడ్ సిటీ)

చాలా హైస్కూళ్లలో లేదు. అదే మా ఇంట్లో ప్రస్తుత చర్చ. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్ష ఉంది గానీ దాని చరిత్ర వింటే భయమేస్తుంది. కాలేజ్ బోర్డు 2006లో ఏపీ ఇటాలియన్ మొదటిసారి పెట్టి, రాసేవాళ్లు తక్కువని 2009 తర్వాత ఆపేసింది. ఇటలీ ప్రభుత్వం, ఇక్కడి ఇటాలియన్ అమెరికన్ సంఘాలు డబ్బు సాయం చేస్తే 2012లో మళ్లీ మొదలైంది. క్లాసు లేకపోయినా పరీక్ష రాయొచ్చు. ఇంకా సియెనా, పెరూజా విశ్వవిద్యాలయాలవి, దాంతే అలిగియేరి సొసైటీది స్థాయి పరీక్షలున్నాయి. అందులో బీ2 (మధ్యస్థానికి పై స్థాయి) తెచ్చుకుంటే ఇటలీలో ఇటాలియన్‌లో చెప్పే డిగ్రీలకి చాలా చోట్ల దారి దొరుకుతుంది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఏడాది ఫీజు ఇక్కడి ఒక్క నెల డేకేర్‌కి అటూఇటూ. ఫ్రీమాంట్ బావ గారూ, మీ లెక్కలో ఇది వేసుకోలేదు.

ఫ్రీమాంట్ బావ (ఫ్రీమాంట్)

దానికి నాలుగున్నర లక్షలు ముందు కట్టాలా? 18 ఏళ్లకి వెళ్లేవాళ్లు ఒక ఏడాది కోర్సు చేసి వెళ్తున్నారు కదా.

పెనిన్సులా నాన్న (రెడ్‌వుడ్ సిటీ)

అది నిజమే, ఒప్పుకుంటా.

బడి మాస్టారు (కుపర్టినో)

మన బడి మాటెత్తలేదు ఎవరూ. నేను వారాంతాల్లో మనబడిలో తెలుగు చెప్తాను. ఇటాలియన్, మాండరిన్ ఇమ్మర్షన్ నుంచి వచ్చే పిల్లలు మా క్లాసుల్లో ఉన్నారు. వాళ్లకి రెండో లిపి అంటే బెదురు ఉండదు, గుణింతం తొందరగా పడుతుంది. కానీ శుక్రవారానికే అలసిపోయి వస్తారు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లయితే ఫరవాలేదు, క్లాసులోనే తెలుగు వినే పిల్లలయితే మూడో భాష బరువైపోతుంది. హైస్కూల్ చివర్లో స్టేట్ సీల్ ఆఫ్ బైలిటరసీ అని డిప్లొమా మీద ముద్ర వేస్తారు, 2011లో చట్టం చేసి మన రాష్ట్రమే మొదట పెట్టింది. దానికి తెలుగు కూడా చూపించుకోవచ్చు.

శ్రావణమేఘం గారూ, మీ అత్తగారు ఉన్నన్నాళ్లూ పాపకి పడుకునే ముందు కథ ఆవిడే చెప్పనివ్వండి. ఫోన్లో అయినా సరే, వెళ్లిపోయాక కూడా.

శ్రావణమేఘం (శాన్ మాటేయో)

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంతమంది రాస్తారనుకోలేదు. మా ఆయన మొత్తం చదివారు. చీజ్ గురించి ఎక్కువ మాట్లాడారు, ఇటాలియన్ గురించి తక్కువ. మాజీ పేరెంట్ గారి ప్రశ్నలు నాలుగూ కాగితం మీద రాసుకుని బడికి ఫోన్ చేశాను. టీచర్ల గురించి బాగానే చెప్పారు, ప్రీస్కూల్ టీచర్లలో ఎక్కువమంది ఇక్కడే స్థిరపడ్డవాళ్లట. ఐదో తరగతిలో ఎంతమంది అంటే మాత్రం "కనుక్కుని ఈమెయిల్ చేస్తాం" అన్నారు. ఇన్‌సెరిమెంతో ఉంది, మొదటి వారం నేను సెలవు పెట్టాలి.

మేం అనుకున్నది: అప్లికేషన్, ఎయిడ్ ఫారం రెండూ జనవరికి పంపుతాం. ఈమెయిల్ రాకపోతే మాత్రం మార్చిలో సీటొచ్చినా ఆలోచిస్తాం. ఈలోపు ఇంకోసారి చూడటానికి అత్తయ్యని కూడా తీసుకెళ్తున్నా. ఆవిడ వాళ్ల వంటిల్లు చూడాలంటున్నారు.

మాజీ పేరెంట్ (డబ్లిన్)

ఈమెయిల్ వచ్చాక ఇక్కడ రాయండి, అంకె ఒక్కటే చాలు, పేరొద్దు.

కొత్తగా చేరిన సభ్యుడు (డేలీ సిటీ)

అన్నా, అక్కా, మధ్యలో దూరుతున్నా. మాది కూడా అదే బడి అనుకుంటా, జిప్పు టీచర్‌ని బట్టి. మా బాబు వచ్చే ఏడాది అక్కడే. డేలీ సిటీ నుంచి పొద్దున కార్‌పూల్ చేసుకుందామా? ఎనిమిదింబావుకి బయల్దేరాలి.

శ్రావణమేఘం (శాన్ మాటేయో)

సీటు రానివ్వండి ముందు! మెసేజ్ పెట్టాను, చూడండి.